గడ్డపార పోయిన ఇంట్లో కంప్యూటర్

మా కంప్యూటర్ బటన్ నొక్కడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు నేను నొక్కాలి. లేవదు. తర్వాత మా ఆవిడ నొక్కాలి. లేవదు. అప్పుడు ఇద్దరం కాసేపు తప్పు నీదంటే నీదని తేల్చుకోవాలి. తేలదు. ఆ తర్వాత నేను బల్ల కిందికి దూరి, వెనకాల ఉన్న తీగలన్నీ ఒక్కొక్కటే పీకి, ఉఫ్ఫని ఊది, మళ్ళీ గుచ్చాలి. ఆ ఒక్క ఏడాదిలో నేను ఊదిన గాలంతా ఒక్కచోట చేరిస్తే కిన్నెరసాని మీద చిన్నపాటి తుఫాను లేచేది. కంప్యూటర్ మాత్రం లేచేది కాదు.

పోనీ పూర్తిగా చచ్చిందా అంటే అదీ కాదు. చచ్చినదానితో ఒక సుఖం ఉంది. ఏడ్చి, ఎత్తి అవతల పెట్టి, మన పని మనం చూసుకోవచ్చు. ఇది మూడు రోజులు మొండికేసి, నాలుగోనాడు ఏ కారణమూ లేకుండా బీప్‌మని లేచి, ఎప్పట్నుంచో నాకోసమే ఎదురుచూస్తున్నట్టు తెర వెలిగించుకొని కూర్చునేది. అలిగి పుట్టింటికి పోయి, పిలవకుండానే తిరిగొచ్చి వంటింట్లో గిన్నెలు సర్దే మనిషిని ఏమని అడుగుతాం. నేనూ ఏమీ అడిగేవాణ్ని కాదు.

నేను పంతుల్ని. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, బొగ్గు లారీల దుమ్ము కాస్త తగ్గి టేకు చెట్లు మొదలయ్యే చోట మా ఊరు. బళ్ళో సైన్సు చెప్తాను, ఇంటికొచ్చి నవ్వుల కథలు రాస్తాను. పత్రికలవాళ్ళు నా చేతిరాత చూసి కథ చదవకుండానే తిప్పి పంపుతున్నారని అనుమానం వచ్చి, ఆ కంప్యూటర్‌నూ, పక్కన గరగరలాడే ఒక పిన్నుల ప్రింటర్‌నూ కొన్నాను. దాని టీవీ పెట్టెను బస్సు మీదినుంచి దించడానికి నలుగురు మనుషులు పట్టారు. ఐదో మనిషి ఉంటే బాగుండునని ఆ నలుగురూ అన్నారు. దాంతోపాటు కరెంటు పోతే ఆదుకుంటుందని ఇచ్చిన బ్యాటరీ డబ్బా ఆరు నెలలకే కన్నుమూసింది. దాని మీద మా ఆవిడ కూర్చొని కూరగాయలు తరిగేది.

కొన్నప్పట్నుంచి మూడేళ్ళు బంగారంలా పనిచేసింది. ఆ తర్వాతి ఏడాదే ఈ జబ్బు. ఆ ఏడాది మా ఇంట్లో జరిగిన పెద్ద విశేషం ఒక్కటే, పెరట్లో సిమెంటు బాత్రూము, దాని పక్కన బట్టలకూ బోళ్ళకూ గచ్చు కట్టించుకోవడం. అంతవరకూ మా స్నానాలు, అంట్లు, ఉతుకులు, అన్నీ ముందువైపు కిటికీ కింద ఉన్న నాపరాతి బండ మీదే జరిగేవి. బాత్రూము వచ్చాక ఆ బండకు పని పోయింది. వచ్చినవాళ్ళకు చెంబుతో నీళ్ళిస్తే కాళ్ళు కడుక్కోవడానికి మాత్రం పనికొచ్చేది. ఈ బండ ముచ్చట ఇక్కడ ఎందుకని అడుగుతారా, అప్పట్లో అయితే నేనూ అదే అడిగేవాణ్ని.

కంప్యూటర్‌ను కొత్తగూడెం తీసుకుపోవడం ఒక పెద్ద యాత్ర. టీవీ పెట్టెను ఇంట్లో వదిలేసి, కింది డబ్బాను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాణ్ని.

"ఇదేంది సారూ, లగేజా మనిషా?" అన్నాడు కండక్టర్ మొదటిసారి.

"దవాఖానాకు తీసుకపోతున్న."

"ఒళ్ళ కూసుంటది గాబట్టి చంటిపిల్ల లెక్క వదిలేస్తున్న. సీట్ల కూసోబెడితే టికెట్ కొడ్త."

కొత్తగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో ఒక ఇంజనీరు ఉండేవాడు. డబ్బాకు తీగ తగిలించి, చిటికెన వేలితో బటన్ ముట్టుకున్నాడు. నొక్కలేదు, ముట్టుకున్నాడు. వెంటనే లేచింది. అంత వినయంగా నాకెప్పుడూ లేవలేదు.

"బాగనే ఉన్నది గద సార్," అన్నాడు.

ఇంటికి తెచ్చాను. లేవలేదు. మళ్ళీ తీసుకుపోయాను. అక్కడ మళ్ళీ లేచింది. మూడోసారి ఆయన నా మొహం చూసి జాలిపడి, లోపల కరెంటు పంచే పెట్టెను కొత్తది వేశాడు. ఇంటికి తెచ్చాను. కొత్త పెట్టె పాత పెట్టె కంటే గట్టిగా పడుకుంది. నాలుగోసారి నేను దుకాణం గుమ్మం ఎక్కుతుంటే, "సార్, మీరు ఇంట్ల గాని దీన్ని కొడుతున్నరా?" అని అడిగాడు. కొడుతున్న మాట నిజమే. అయినా చెప్పలేదు.

మరి మా ఇంటి కరెంటును ఎందుకు అనుమానించలేదు అని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. మా ఊళ్ళో ఎండాకాలం బల్బు ఎవరింట్లోనైనా మగ్గిన జామపండు రంగులోనే వెలుగుతుంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అందరికీ ఉన్న జబ్బును జబ్బని ఎవరూ అనుకోరు.

ఆ రోజుల్లోనే పెద్దాయన రావడం మొదలైంది.

పెద్దాయన అంటే వాగు అవతల అడవిలో ఉన్న కోయ ఊరి పెద్ద. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ ఊరి బళ్ళోనే మూడేళ్ళు పనిచేశాను. అప్పుడు నాకు రోజూ అంబలి పంపిన మనిషి. పోడు చేసుకునేవాళ్ళకు భూమి మీద హక్కు కాగితాలు ఇస్తారని అడవి ఊళ్ళన్నీ కదిలిన కాలం అది. వాళ్ళ ఊళ్ళో నలభై ఒక్క కుటుంబం. ఎవరి చేను ఎక్కడుంది, ఏ తాత కాలం నుంచి దున్నుతున్నారు, నాలుగు దిక్కులా హద్దులేంటి, అన్నీ రాసి ఇవ్వాలి. అంతకుముందు వానాకాలంలో అదంతా నేనే చేత్తో రాసిచ్చాను. పై ఆఫీసులో ఎవరికీ ఒక్క అక్షరం అర్థం కాలేదని, అచ్చు కొట్టించుకొని రమ్మని తిప్పి పంపారు. తిరిగొస్తుంటే వాగులో ఆ కాగితాలు తడిసి గుజ్జయ్యాయి. కనీసం వాగుకైనా అర్థమై ఉంటుంది.

"నీ రాతతోని పోయింది పంతులూ," అన్నాడు పెద్దాయన, ఎండాకాలం సెలవుల్లో మా అరుగు మీద కూర్చొని. కోపంగా అనలేదు. అదే ఇబ్బంది. "నీకు మిషన్ ఉన్నదంట గద. దాంట్ల కొట్టు. మొదటి వాన లోపట ఇయ్యకుంటే ఫారెస్టోళ్ళు మా చేన్లల్ల మొక్కలు పెట్టిపోతరంట. పెట్టినంక మాది అని ఎట్ల అంటం?"

అప్పటికి మా కంప్యూటర్ మూడు రోజులుగా లేవలేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలని లోపలికి పోయి బటన్ నొక్కాను. లేచింది.

రెండోసారి ఆయన వచ్చిన రోజు కూడా అంతే. ఆయన రాకముందు పొద్దున్నించి నేను పదిహేను సార్లు నొక్కాను. ఒక్క వెలుగు లేదు. ఆయన నాలుగు కోసులు నడిచొచ్చి, మా ఆవిడ ఇచ్చిన నీళ్ళతో మోకాళ్ళ దాకా దుమ్ము కడుక్కొని, అరుగెక్కి కూర్చున్నాడు. నొక్కాను. లేచింది. మూడోసారీ అంతే.

"ఆయన పాదం మంచిది," అంది మా ఆవిడ.

బళ్ళో పిల్లి ఎదురొస్తే ఏమీ కాదని నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పే మనిషిని నేను. నాలుగోసారి పెద్దాయన వచ్చినప్పుడు ఆయన కుర్చీని కంప్యూటర్‌కు ఎదురుగా తూర్పు ముఖం చేసి వేశాను. ఐదోసారి ఆయన తువ్వాల అడిగి డబ్బా మీద కప్పాను. ఆరోసారి, బటన్ మీరే నొక్కండి పెద్దాయనా అన్నాను. ఆయన నా వంక చూసి, "నువ్వు సదువుకున్నోనివి, నువ్వే నొక్కు," అన్నాడు. అయినా ఆయన నీడ పడేట్టు పక్కకు జరిగి నొక్కాను. లేచింది. ఇంకో నెల గడిస్తే ఆయన పాదాల ముద్ర తీసుకొని గోడకు కట్టుకునేవాణ్నే.

ఆయనకు మాత్రం మా ఇంట్లో వేరే ఆశ్చర్యం ఉండేది.

"మీ ఇంటికాడ నీళ్ళు పోసుకుంటే కాళ్ళు గులగుల అంటయి పంతులూ. నడిచొచ్చిన అలుపంత గుంజినట్టయితది."

"మా బోరు నీళ్ళ మహిమ అది," అన్నాను గర్వంగా. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టుకోవాలనిపిస్తుంది.

ఆయన చెప్పడం, నేను కొట్టడం. కాగితం మీద రాసుకోకుండా నేరుగా కొట్టాను. నా చేతిరాత మీద నాకూ నమ్మకం పోయింది మరి. ఉత్తరాన మెరుపు పడ్డ ఇప్పచెట్టు. దక్షిణాన జంట పుట్టలు. తూర్పున తమ్ముని చేను. పడమట వాగు, కానీ ఇప్పటి వాగు కాదు, మా నాయన చిన్నప్పటి వాగు. కళ్ళు మూసుకొని చెప్పేవాడు. నలభై ఒక్క చేన్ల చుట్టూ ఆయన నడిచినట్టూ, వెనకాల నేను రొప్పుకుంటూ నడిచినట్టూ ఉండేది. ఎనిమిది రోజుల రాకపోకల్లో మొత్తం అయింది. తీరా అచ్చు తీయబోతే ప్రింటర్ రిబ్బను ఎండిపోయి, కాగితం మీద దోమ కాళ్ళంత గీతలు కూడా పడలేదు. సోమవారం పొద్దున వాళ్ళ ఊళ్ళో మీటింగు. పై నుంచి ఆఫీసరు వస్తాడు, ఆ రోజే అందరి ముందూ చదివి ఇవ్వాలి. శనివారం కొత్తగూడెం పోయి రిబ్బను తెచ్చాను. డబ్బాను కూడా వెంట తీసుకుపోతే అక్కడే అచ్చు తీసుకొచ్చేవాణ్ని కదా అని మా ఆవిడ తర్వాత సుమారు వెయ్యిసార్లు అంది. తీసుకుపోలేదు. ఎందుకంటే ఆదివారం పెద్దాయన వస్తాడు. పెద్దాయన పాదం ఉండగా నాకేంటి.

ఆదివారం వచ్చాడు. నడిచి రాలేదు. ఎవరిదో ట్రాక్టర్ వస్తుంటే ఎక్కి వచ్చాడు. రేపటి మీటింగుకని కొన్న కొత్త చెప్పులు వేసుకొని, దుమ్ము అంటని కాళ్ళతో తిన్నగా అరుగెక్కి కూర్చున్నాడు. మా ఆవిడ చెంబు తెస్తే కొంచెం తాగి పక్కన పెట్టాడు.

నేను పెళ్ళికొడుకులా వెళ్ళి బటన్ నొక్కాను.

లేవలేదు.

మళ్ళీ నొక్కాను. తువ్వాల కప్పి నొక్కాను. కుర్చీ తూర్పుకు తిప్పి నొక్కాను. మా ఆవిడ నొక్కింది. ఇద్దరం తేల్చుకున్నాం. బల్ల కిందికి దూరి ఊదాను. పది దాటింది, పదకొండు దాటింది. ఆదివారం కాబట్టి కొత్తగూడెం దుకాణం మూసి ఉంటుంది. ఉన్న ఒక్క ప్రతీ ఆ డబ్బాలో ఉంది. నలభై ఒక్క కుటుంబాల చేలు, ఇప్పచెట్లు, పుట్టలు, ఆయన నాయన చిన్నప్పటి వాగు, అన్నీ రెండు అడుగుల రేకు డబ్బాలో పడి తలుపు గడియ వేసుకున్నాయి. పెద్దాయన అరుగు దిగలేదు. ఒక్కసారి మాత్రం, "ఇంకా లేవలేదా?" అన్నాడు, జ్వరం వచ్చిన పిల్ల గురించి అడిగినట్టు.

మా ఆవిడ ఇక ఊరుకోలేక బజారుకు పోయి రేడియో భాయ్‌ని తీసుకొచ్చింది. మస్జిదు పక్క సందులో ఆయన దుకాణం. ఆయన తండ్రి గడియారాలు బాగుచేసేవాడు, ఈయన రేడియోలు, టీవీలు, మిక్సీలు చేస్తాడు. చెవి మీద పెన్సిల్, జేబులో టెస్టర్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"కంప్యూటర్ నాకు తెల్వదు సారూ," అన్నాడు వస్తూనే. "అది చెడిపోతే నేను చెయ్య. కానీ అది చెడిపోయిందో లేదో చెప్త."

ఆయన బల్ల కింద దూరాడు. నేను పక్కన నిలబడి నా కష్టాలన్నీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. మూడో కొత్తగూడెం యాత్రలో ఉండగా మా ఆవిడ వాకిట్లోకి వెళ్ళింది.

"పెద్దాయనా, ఇయాల నువ్వు కాళ్ళు కడుక్కోలేదు గదా."

"దుమ్ము లేదమ్మా. చెప్పులేసుకున్న."

"అయినా కడుక్కో."

ఆయన కిటికీలోంచి నా వంక చూశాడు. ఇది చదువుకున్నవాళ్ళ పద్ధతా అన్నట్టు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన నెమ్మదిగా కొత్త చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా గోడవారన పెట్టి, బండ మీద నిలబడి చెంబుతో నీళ్ళు పోసుకున్నాడు. మా ఆవిడ రెండో చెంబు అందించింది. మూడోది అందించింది.

"ఏం ఆన్ చేసిన్రు?" అని బల్ల కిందినుంచి అడిగాడు భాయ్.

"ఎవరూ ఏం చెయ్యలే."

"మరి బల్బు పెరిగింది ఏంది?"

తలెత్తి చూశాను. మగ్గిన జామపండు కాస్తా తెల్లబడుతోంది. ఫ్యాను రెక్కలు కలిసిపోయాయి. భాయ్ పాక్కుంటూ బయటికొచ్చి, కిటికీలోంచి తల పెట్టి చూశాడు. పెద్దాయన నాలుగో చెంబు వంచబోతున్నాడు.

"జర ఆగు పెద్దాయనా. కాళ్ళకు ఏమన్న తెలుస్తున్నదా?"

"అవ్. గులగుల అంటున్నయి. ఎప్పుడూ ఉండేదే."

భాయ్ మొహం మారింది. "చెంబు ఆడ పెట్టి ఇవతలికి రా. జల్దీ. తడి లేని కాడ నిలబడు."

ఆ తర్వాత ఆయన జేబులోంచి టెస్టర్ తీశాడు. మీటరు దగ్గరికి పోయి మెయిన్ ఆపాడు. అక్కడినుంచి గోడ వెంట దిగిన ఒక నల్ల తీగను వేలితో చూపిస్తూ నడిచాడు. అది కిటికీ కింద గన్నేరు చెట్టు వెనక్కి పోయి, బండ పక్కన మట్టిలోకి దిగింది. ఒక కట్టెతో మట్టి గీకాడు. జానెడు లోతులో, తీగ నాలుగు చుట్లు చుట్టుకొని, ఒక లావుపాటి ఇనుప తలకాయ కనపడింది.

మా ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది మా నాయన ఇచ్చిన గడ్డపార," అంది.

ఈ గడ్డపార గురించి చెప్పాలి. ఆరేళ్ళ కింద మా ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న గడ్డపార మాయమైంది. తిరుమలాయపాలెం దగ్గర వాళ్ళ నాయన చేత్తో కొట్టించిన గడ్డపార అది. అంత మంచి ఇనుము ఇప్పుడు రాదని, దాంతో కొండను కూడా పెకలించొచ్చని చెప్పేది. అదే వారం మా పక్కింటాయన, గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి, జామ మొక్కకు గుంత తవ్వుతూ కనపడ్డాడు. చేతిలో గడ్డపార. గడ్డపారలన్నీ ఒకేలా ఉంటాయని నేనంటే, నువ్వు నోర్ముయ్యి అంది. గోడ దగ్గర నిలబడి ఆమె ఒక మాట అంది, పక్కింటావిడ రెండు అంది. అంతే. ఆరేళ్ళు ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. వాళ్ళ మనవరాలి పుట్టెంటికల పండక్కి ఊరంతా పోయింది, మేం గోడ మీదినుంచి వాసన చూశాం.

"ఇది ఈడికి ఎట్లొచ్చింది?" అంది మా ఆవిడ. భాయ్‌ని అడగలేదు. నన్నే చూస్తూ అడిగింది.

అప్పుడు నాకు మెల్లమెల్లగా గుర్తొచ్చింది. గుర్తొస్తుంటే కాళ్ళ కింద భూమి జరిగిపోవాలని కోరుకున్నాను, అదీ జరగలేదు. ఆరేళ్ళ కింద ఒక గాలివాన. స్తంభం మీదినుంచి మా ఇంటికి వచ్చే రెండు తీగల్లో ఒకటి తెగింది. ఆమె పుట్టింట్లో ఉంది. లైన్‌మన్ దగ్గర ప్రైవేటుగా పనిచేసే ఒక పెద్దమనిషిని పిలిస్తే, తీగ స్టాకు లేదు, రెండు రోజులు ఆగమన్నాడు. నేను ఆగలేను, కథ మధ్యలో ఉంది అన్నాను. "అయితే ఒక పని చేద్దాం సారూ. కరెంటు వచ్చుడుకు ఒక తీగ ఉన్నది. పోవుడుకు భూమి ఉండనే ఉన్నది. ఏదన్నా ఇనుపది ఉందా, లోతుగ కొడ్త," అన్నాడు. గడ్డపార నేనే తెచ్చి ఇచ్చాను. నేనే పట్టుకున్నాను, ఆయన సమ్మెట వేశాడు. బల్బు వెలిగింది. ఆయనకు టీ పోయించి, నీ తెలివికి పెద్ద ఇంజనీర్లు కూడా పనికిరారు అని మెచ్చుకున్నాను. రెండు రోజుల్లో వచ్చి మారుస్తానన్నాడు. రాలేదు. ఆమె తిరిగొచ్చి గడ్డపార ఏదని అడిగినప్పుడు మొదటి నెల నాకు బాగానే గుర్తుంది, భయపడి చెప్పలేదు. ఆ తర్వాత నిజంగానే మరిచిపోయాను.

ఈ రెండు వాక్యాల మధ్య చాలా దూరం ఉందంటే మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

"అమ్మగారి అంట్లు, బట్టలు, స్నానాలు అన్నీ ఈ బండ మీద అయినన్ని రోజులు మట్టి తడిగున్నది," అన్నాడు భాయ్. "తడి ఉంటే కరెంటు మంచిగ పోతది. బాత్రూం కట్టినంక మట్టి ఎండింది. పోవుడుకు తోవ లేదు. ఇంట్లకు సగం కరెంటే. బల్బు ఏదో ఒక తీరుగ వెలుగుతది. ఇది వెలగదు, దీనికి పౌరుషం ఎక్కువ. పెద్దాయన వచ్చి నాలుగు చెంబులు పోస్తె లేస్తున్నది."

"అంటే పాదం కాదా," అంది మా ఆవిడ, కొంచెం నిరాశగా.

"పాదమే. ఇంకో నెల గిట్లనే కడుగుతె, ఆ పాదం..." అని భాయ్ ఆపేశాడు. పెద్దాయన గోడవారనుంచి చెప్పులు తీసి తొడుక్కున్నాడు.

దేన్నైనా పదింతలు చేసి చెప్పే అలవాటు నాది. ఆ క్షణం మాత్రం ఒక్క ఇంత కూడా పెంచబుద్ధి కాలేదు. ఎనిమిది రోజులు, రోజుకు నాలుగు చెంబులు, మా బోరు నీళ్ళ మహిమ.

కానీ గడియారం ఒంటిగంట కొట్టింది. రేపు పొద్దున మీటింగు. "భాయ్, మెయిన్ వేసి దూరంనుంచి ఇంకో రెండు బిందెలు పోస్తె, ఈ ఒక్క పూటకు..." అని మొదలుపెట్టాను.

ఆయన నన్ను చూసిన చూపు నేను నా విద్యార్థుల వంక కూడా ఎప్పుడూ చూడలేదు. "నేను పొయ్య, పొయ్యనియ్య. కొత్త తీగ పడేదాక మీ ఇంట్ల మెయిన్ లేవదు. మిషన్ మంచిగున్నది. కరెంటు మంచిగున్న ఇంటికి తీసుకపోండ్రి. పక్కింట్ల ఉన్నది గద." పక్కిల్లు అంటే ఏమిటో ఆయనకు తెలియదు పాపం.

పెద్దాయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. "మా చేన్లు దాంట్లనే ఉన్నయి గద అమ్మా," అన్నాడు.

మా ఆవిడ కొంగు సర్దుకొని గోడ దగ్గరికి పోయింది.

"వదినా."

గోడ అవతల మిరపకాయలు ఆరబోస్తున్న చప్పుడు ఆగింది. "ఎవరు?"

"నేనే."

"నేనే అంటే ఎవరు? ఈ పక్క నాకు ఎవరూ లేరే."

"మా గడ్డపార దొరికింది వదినా."

"అట్లనా. ఏ దొంగింట్ల దొరికింది?"

"మా ఇంట్లనే."

అవతల చేట కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మంచం కిర్రుమంది, పక్కింటాయన గొంతు. "ఏమంటుండ్రు?"

"మనం ఎత్తుకపోలేదంట."

"అది నాకు ఆరేండ్ల నుంచి తెలుసు," అన్నాడాయన.

మా ఆవిడ మిగతాదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. మిషన్, పెద్దాయన, నలభై ఒక్క ఇల్లు, రేపటి మీటింగు. మధ్యలో, "ఎవరు పాతిన్రు అంటే మా ఆయననే," అని నా వైపు చెయ్యి చూపించింది. గోడ మీదినుంచి రెండు తలలు లేచి నన్ను చూశాయి. నేను నమస్కారం పెట్టాను. 

"ముందు ఆ మిషన్ తీస్కరాండ్రి," అంది పక్కింటావిడ. "నేను అనేటివి తర్వాత నిమ్మళంగ అంట. చానా ఉన్నయి."

వాళ్ళ టీవీ బల్ల ఖాళీ చేశారు. నేను, భాయ్, పక్కింటాయన, పెద్దాయన నలుగురం కలిసి డబ్బానూ ప్రింటర్‌నూ, ఆఖరున టీవీ పెట్టెనూ గోడ చుట్టూ తిప్పి తీసుకుపోయాం. ఐదో మనిషి ఉంటే బాగుండునని ఈసారి నాకే అనిపించింది. తీగలు గుచ్చాను. ఊదబోతే భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. బటన్ ముట్టుకున్నాను. కొత్తగూడెంలో లేచినట్టే, అంత వినయంగానూ, లేచింది.

ప్రింటర్ గరగరలు మొదలుపెట్టగానే పక్కింటావిడ చెవులు మూసుకొని, "ఇదేనా నాలుగేండ్ల నుంచి మా నిద్ర చెడగొట్టింది," అంది. అంత చప్పుడు ఏడాదికి రెండు కథలకే చేసిందని చెప్పబోయి మానుకున్నాను.

కాగితాలు వచ్చాయి. పెద్దాయనకు చదువు రాదు. అందుకని ఊరికే తీసుకుపోడు. "సదువు," అని కళ్ళు మూసుకున్నాడు. నలభై ఒక్క చేన్లు మొదటినుంచీ చదివాను. పక్కింటాయన మంచం మీద, ఆవిడా మా ఆవిడా గడప మీద, భాయ్ గుమ్మంలో. పందొమ్మిదో చేను దగ్గర పెద్దాయన చెయ్యి ఎత్తాడు.

"ఉత్తరాన ఏమన్నవ్?"

"ఇప్పచెట్టు."

"ఆడ ఇప్ప లేదు. నల్లమద్ది. ఇప్ప అని ఇస్తె, రేపు వచ్చి ఇప్ప ఏదీ అంటరు. చూపియ్యలేం."

కొట్టేటప్పుడు నేనే అలవాటు కొద్దీ ఇప్ప అని కొట్టేశాను. ముప్పై రెండో చేను దగ్గర మళ్ళీ ఆపాడు, పుట్ట ఒకటి కాదు రెండు అని. దిద్ది, ఆ కాగితాలు రెండూ మళ్ళీ తీశాను. సాయంత్రం నాలుగున్నరకు అన్నీ అయ్యాయి. పక్కింటావిడ వాటిని ఒక మైకా కవరులో పెట్టి మూతి మడిచి ఇచ్చింది. పెద్దాయన దాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లలా ఛాతీకి హత్తుకొని, వాగు వైపు నడిచి పోయాడు. ట్రాక్టర్ ఎప్పుడో వెళ్ళిపోయింది.

సోమవారం మీటింగు జరిగింది. ఆఫీసరు అందరి ముందూ చదివి, సంతకం పెట్టి తీసుకున్నాడు. మా ఇంటికి తీగ రావడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ మేం పక్కింటి వాకిట్లో కూర్చొని, పక్కింటావిడ నిమ్మళంగా అంటానన్నవన్నీ విన్నాం. చానా ఉన్నాయన్న మాట అబద్ధం కాదు. గడ్డపార పీకితే మొన తుప్పు తిని పిడికెడు తగ్గింది. అయినా మంచి ఇనుమే అని పక్కింటాయన తీసుకుపోయి, రెండో జామ మొక్కకు గుంత తవ్వాడు. మా ఆవిడ ఆ మొక్కకు నీళ్ళు పోసింది.

ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక పెద్దాయన మళ్ళీ నడిచొచ్చాడు. మా ఆవిడ చెంబు ఇచ్చి, పెరట్లో గచ్చు మీదికి పంపింది. ఆయన కాళ్ళు కడుక్కొని వచ్చి కూర్చొని, మోకాళ్ళు ఒత్తుకున్నాడు.

"మీ నీళ్ళల్ల ఇదివరకటి సత్తువ లేదు పంతులూ. అలుపు పోతలేదు."

తర్వాత తువ్వాల విప్పి, అదే మైకా కవరులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చాడు. ఇరవై ఎనిమిది కుటుంబాలకు హక్కు కాగితాలు వచ్చాయట, మిగతావాళ్ళవి ఇంకా చూస్తున్నారట. ఇది పందొమ్మిదో చేను వాళ్ళది.

"సదువు," అన్నాడు. "ఉత్తరాన ఏమున్నది?"

నల్లమద్ది అని చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.